ముందు కాపీ, తర్వాతే మరమ్మతు: హార్డ్ డిస్క్ ప్రశ్నలు, జవాబులు

ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ మొండికేసినప్పుడు ఫైళ్లు ఎలా బయటికి తీయాలన్న ప్రశ్నలను ఈసారి ఒకచోట చేర్చాం. ఇలాంటి డ్రైవ్‌ల నుంచి పోయే ఫైళ్లన్నీ డ్రైవ్ చెడిపోవడం వల్లే పోవు. చెడిపోతోందని తెలిశాక దాని మీద చేసే ప్రయోగాల వల్ల కూడా పోతాయి. దయచేసి మీ డ్రైవ్‌కు కరెంటు ఇచ్చే ముందే జవాబు చివరిదాకా చదవండి.

ప్రశ్న: 1 టెరాబైట్ పోర్టబుల్ డ్రైవ్. పెట్టగానే పేరు కనిపిస్తుంది గానీ ఒక్కో ఫోల్డర్ తెరుచుకోవడానికి పది నిమిషాలు పడుతోంది. కాపీ పెడితే మధ్యలో ఆగిపోతోంది. ఒక్కోసారి ఫార్మాట్ చేయమని కూడా అడుగుతోంది. పిల్లల చిన్నప్పటి ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి. స్కాన్ చేసి రిపేర్ చేయమని విండోస్ చెబుతోంది, చేయనా?

వద్దండి. ఫార్మాట్ అడిగితే క్యాన్సిల్ నొక్కండి. రిపేర్ చేస్తానన్నా ఒప్పుకోకండి.

డ్రైవ్ ఒక సెక్టార్‌ను (డేటా రాసుకునే చిన్న గడిని) చదవలేకపోతే దాన్ని పెండింగ్ జాబితాలో పెట్టుకుంటుంది. పాత డేటా ఇంకా ఆ చోటే ఉంటుంది. ఇంకోసారి చదివితే దొరకొచ్చు కూడా. కానీ ఆ సెక్టార్ మీద ఎవరైనా కొత్తగా రాశారంటే, డ్రైవ్ దాన్ని సరిచేసుకోనీ, పక్కన పెట్టి స్పేర్ సెక్టార్ వాడుకోనీ, పాత డేటా మాత్రం ఇక లేనట్టే. ఫార్మాట్ చేసేది రాయడమే. విండోస్ చెప్పే ఆ స్కాన్, రిపేర్ సాధనం చెక్‌డిస్క్ కూడా ఫైల్ సిస్టమ్ పట్టికలను (ఏ ఫైల్ ఎక్కడుందో చెప్పే జాబితాలను) తనకు తోచినట్టు దిద్ది, డిస్క్ మీదే రాస్తుంది. సగం మాత్రమే చదవగలిగిన పట్టికను చూసి, మిగతా సగంలోని ఫోల్డర్లు అసలు లేవని తీర్మానించుకుంటుంది. ఆరోగ్యంగా ఉన్న డ్రైవ్‌కు పనికొచ్చే సాధనమే అది, చదవడానికి కష్టపడుతున్న డ్రైవ్‌కు మాత్రం కాదు.

ముందు కేబుల్, కరెంటు సంగతి తేల్చుకోండి. 2.5 అంగుళాల పోర్టబుల్ డ్రైవ్ యూఎస్‌బీ ఇచ్చే 5 వోల్టులతోనే నడుస్తుంది. యూఎస్‌బీ 2.0 పోర్ట్ ప్రమాణం ప్రకారం 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 పోర్ట్ 900 ఇస్తాయి. డ్రైవ్‌లోని మోటార్ తిరగడం మొదలుపెట్టే క్షణంలో దాదాపు ఒక ఆంపియర్ లాగుతుంది. క్యాబినెట్ ముందువైపు పోర్ట్, పొడుగు కేబుల్, అడాప్టర్ లేని హబ్ మధ్యలో ఉంటే వోల్టేజ్ పడిపోయి, డ్రైవ్ తిరిగి ఆగి, మళ్లీ తిరుగుతుంది. వినేవాళ్లకు అది డ్రైవ్ పోయినట్టే ఉంటుంది. పొట్టి కేబుల్ కొత్తది తెచ్చి మదర్‌బోర్డ్‌కు నేరుగా ఉన్న వెనుక పోర్ట్‌లో పెట్టండి. ఈ డ్రైవ్‌ల వెడల్పాటి మైక్రో బీ కనెక్టర్ త్వరగా వదులవుతుంది. కొంచెం కదిపితే లైట్ ఆరిపోతోందంటే దోషం అక్కడే.

తర్వాత ఆరోగ్య నివేదిక చూడండి. విండోస్‌లో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రామ్ చాలు. 05, సి5, సి6 అనే మూడు వరుసలు చూడండి. 05 అంటే ఇప్పటికే మార్చేసిన సెక్టార్లు, సి5 అంటే పెండింగ్‌లో ఉన్నవి, సి6 అంటే సరిదిద్దలేకపోయినవి. చాలామంది ఇక్కడ పొరబడతారు: ఆ ప్రోగ్రామ్ రా విలువలను (అసలు లెక్కలను) మామూలుగా హెక్సాడెసిమల్‌లో, అంటే పదహారు ఆధారంగా ఉండే అంకెల్లో చూపిస్తుంది. అక్కడ 10 అని ఉంటే అది పది కాదు, పదహారు. మెనూలో రా విలువలను దశాంశానికి మార్చుకోండి. సి7 కూడా కనిపిస్తుంది. అది డ్రైవ్‌కూ బాక్స్ లోపలి బ్రిడ్జ్ బోర్డ్‌కూ (డ్రైవ్‌ను యూఎస్‌బీతో కలిపే చిన్న బోర్డ్) మధ్య లంకెలో తప్పులు లెక్కపెడుతుంది. బయటి యూఎస్‌బీ కేబుల్ లోపం అందులో కనబడదు. కొన్ని బ్రిడ్జ్ బోర్డ్‌లు ఈ నివేదికను అసలు బయటికే పంపవు. అంతమాత్రాన డ్రైవ్ బాగుందని అనుకోకండి.

సి5 విలువ చిన్నది, డ్రైవ్ నిలకడగా చదువుతోంది, మీకు కచ్చితంగా కావలసింది ఒకటి రెండు ఫోల్డర్లే అయితే ముందు వాటినే తీసుకోండి. మౌస్‌తో లాగి వదలకండి. ఎక్స్‌ప్లోరర్ ప్రతి ఫొటోకూ థంబ్‌నెయిల్ చేయబోయి అక్కర్లేని చోట్లన్నీ చదివిస్తుంది. విండోస్‌లోని రోబోకాపీ కమాండ్ వాడండి, కానీ దాని ఆర్ (ఎన్నిసార్లు ప్రయత్నించాలి), డబ్ల్యూ (మధ్యలో ఎన్ని సెకన్లు ఆగాలి) విలువలు రెండింటినీ 1కి తగ్గించి మరీ వాడండి. ఏమీ చెప్పకపోతే అది చదవలేని ఒక్కో ఫైల్ మీద 30 సెకన్లకోసారి చొప్పున పది లక్షల సార్లు ప్రయత్నిస్తుంది. చావుబతుకుల్లో ఉన్న డ్రైవ్‌ను ఒకే పాడైన చోట రోజుల తరబడి గీకించినట్టవుతుంది.

మీరు చెప్పిన లక్షణాలకు మాత్రం ఫోల్డర్ల కాపీ సరిపోదు. నేరుగా ఇమేజ్ తీయాలి, అంటే డ్రైవ్‌లోని సెక్టార్లన్నింటినీ మొదటి నుంచి చివరిదాకా వరుసగా మరో డిస్క్‌లోని ఒకే పెద్ద ఫైల్‌లోకి దించుకోవాలి. ఫైళ్లు ఒక్కొక్కటే తీస్తే డిస్క్‌ను చదివే హెడ్ పట్టికకూ ఫైల్‌కూ మధ్య అటూ ఇటూ ఉరుకుతూనే ఉంటుంది. వరుసగా చదివితే ఆ శ్రమ చాలా తగ్గుతుంది. పైగా ఒకసారి ఇమేజ్ చేతికొచ్చాక దాని మీద ఎన్ని ప్రయోగాలు చేసినా అసలు డ్రైవ్‌కు నొప్పి లేదు.

దీనికి జీఎన్‌యూ డీడీరెస్క్యూను మించిన ఉచిత సాధనం మాకు తెలియదు. లినక్స్ పెన్‌డ్రైవ్ నుంచి కంప్యూటర్ బూట్ చేయండి. సిస్టమ్‌రెస్క్యూ అనే లినక్స్‌లో ఇది ముందే ఉంటుంది. దించుకునే డిస్క్‌లో పాత డ్రైవ్ మొత్తం పరిమాణం కంటే ఎక్కువ ఖాళీ ఉండాలి. దాన్ని ఎన్‌టీఎఫ్‌ఎస్, ఎక్స్‌ఫ్యాట్, ఈఎక్స్‌టీ4లలో ఏదో ఒకదానితో ఫార్మాట్ చేసి ఉంచుకోండి. ఫ్యాట్32 పనికిరాదు, అందులో ఒక ఫైల్ 4 జీబీ దాటదు. పాడైన డ్రైవ్ దానంతటదే మౌంట్ అయితే (ఫైళ్లు తెరుచుకునేలా కలిస్తే) అన్‌మౌంట్ చేయండి. ఎల్‌ఎస్‌బీఎల్‌కే కమాండ్‌తో పరిమాణం, మోడల్, సీరియల్ నంబర్ చూసి లినక్స్ పెట్టిన పేర్లలో ఏది ఎస్‌డీబీయో, ఏది ఎస్‌డీసీయో కాగితం మీద రాసుకోండి.

డీడీరెస్క్యూకు ముందు మూలం, తర్వాత ఇమేజ్ ఫైల్, ఆఖర్న మ్యాప్ ఫైల్ (ఎక్కడిదాకా చదివిందో రాసుకునే ఫైల్) పేరు ఇవ్వాలి. మొదటి విడత చిన్నబడి డి, ఎన్ ఆప్షన్లతో నడపండి. డి అంటే డిస్క్‌ను నేరుగా చదవమని, ఎన్ అంటే మొండి చోట్లను ఇప్పుడే గీకకుండా తేలిగ్గా వచ్చేదంతా ముందు తీయమని. అది ముగిశాక ఎన్ తీసేసి, ఆర్ (మళ్లీ ఎన్నిసార్లు ప్రయత్నించాలి) విలువ 3 ఇచ్చి, అదే మ్యాప్ ఫైల్‌తో రెండో విడత నడపండి. ఇమేజ్‌ను ఫైల్‌గానే తీయమనడానికి ఒక కారణముంది. నేరుగా డిస్క్ మీదికి రాయాలంటే ఎఫ్ అనే ఆప్షన్ ఇస్తే తప్ప డీడీరెస్క్యూ ఒప్పుకోదు. ఆ ఎఫ్ ఇచ్చినప్పుడు మూలం, గమ్యం తారుమారైతే ఖాళీ డిస్క్ వచ్చి మీ ఫొటోల మీద పడుతుంది. ఫైల్‌కు దించుకుంటే ఎఫ్ అవసరమే రాదు.

ప్రశ్న: డీడీరెస్క్యూ మొదట్లో సెకనుకు 90 మెగాబైట్లు చదివింది. 40 శాతం దగ్గర 200 కిలోబైట్లకు పడిపోయింది. ఆపేస్తే మళ్లీ మొదటికొస్తుందా? ఇలా ఎన్ని రోజులు?

మ్యాప్ ఫైల్ ఇచ్చి మొదలుపెట్టారు కదా, నిశ్చింతగా కంట్రోల్ సి నొక్కి ఆపండి. అదే కమాండ్ మళ్లీ ఇస్తే ఆగిన చోటు నుంచి నడుస్తుంది.

ఆ మ్యాప్ ఫైల్‌ను ఒకసారి మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి చూడండి. ఒక్కో వరుసలో ఒక స్థానం, ఒక పరిమాణం, చివర ఒక గుర్తు. కూడిక గుర్తు ఉంటే ఆ భాగం చేతికొచ్చింది. ప్రశ్నార్థకం ఉంటే ఇంకా ముట్టుకోలేదు. నక్షత్రం, ఏటవాలు గీత ఉంటే దాటేసి వచ్చిన భాగాలు, తర్వాత విడతల్లో వాటి పని పడుతుంది. తీసివేత గుర్తు ఉంటే ఆ సెక్టార్ చదవలేకపోయింది. మీ ఫొటోల భవిష్యత్తు మొత్తం ఈ కొన్ని కిలోబైట్ల ఫైల్‌లో ఉంది. గంటకోసారి దాన్ని వేరే పేరుతో మరోచోట కాపీ చేసి పెట్టుకోండి.

ఎందుకంటే, పాడైన సెక్టార్ తగిలినప్పుడు యూఎస్‌బీ బ్రిడ్జ్ బోర్డ్ బిగుసుకుపోవడం మామూలే. డ్రైవ్ ఊడిపోయి, మళ్లీ పెడితే ఎస్‌డీబీ కాస్తా ఎస్‌డీడీ అవుతుంది. ఆ సమయంలో తప్పుల లెక్క ఒక్కసారిగా వేలల్లో ఎగబాకుతుంటే, డ్రైవ్ నుంచి మాత్రం చప్పుడే లేకపోతే, అవి నిజమైన తప్పులు కావు. వెంటనే ఆపి, కేబుల్ తీసి, నిమిషం ఆగి పెట్టి, కొత్త పేరు సరిచూసుకుని, అంతకుముందు దాచిన మ్యాప్‌తో కొనసాగించండి. ఇమేజ్‌లోకి వచ్చిన డేటా ఎక్కడికీ పోదు. డ్రైవ్‌కు మామూలు సాటా కనెక్టర్ (మదర్‌బోర్డ్‌కు నేరుగా కలిపేది) ఉంటే బాక్స్‌లోంచి తీసి మదర్‌బోర్డ్‌కే కలపండి, ఈ తలనొప్పి చాలావరకు తగ్గుతుంది. ఎప్పుడు తీయకూడదో అడాప్టర్ ప్రశ్న కింద రాశాం.

రోజుల లెక్క మీరే వేసుకోవచ్చు. 1 టెరాబైట్‌ను సెకనుకు 100 మెగాబైట్ల చొప్పున చదివితే 10,000 సెకన్లు, అంటే మూడు గంటల లోపే. అదే 1 మెగాబైట్ చొప్పున అయితే పదకొండు రోజులు దాటుతుంది. అన్ని రోజులు నడిచే ఓపిక చాలా డ్రైవ్‌లకు ఉండదు. అందుకే నెమ్మదించిన చోట మంకుపట్టు పట్టకండి. చిన్నబడి ‘ఏ’ అనే ఆప్షన్‌తో కనీస వేగం ఇస్తే అంతకన్నా నెమ్మదైన భాగాలను దాటేసి ముందుకు పోతుంది. పెద్దబడి ఆర్ ఇస్తే చివరి నుంచి వెనక్కి చదువుకొస్తుంది. పాడైన ప్రాంతానికి అవతలి ఒడ్డున ఉన్న మంచి డేటా అలా ముందే చేతికొస్తుంది.

వేగం ఎలా మారుతోందో కూడా గమనించండి. కొంతసేపు పరుగు, తర్వాత దాదాపు సున్నా, మళ్లీ పరుగు, మళ్లీ సున్నా, ఇది ఒకే కొలతలో డిస్క్ పొడుగునా వస్తోందంటే అక్కడక్కడా గీతలు పడ్డ డిస్క్ కాదు. లోపల ఉన్న హెడ్‌లలో ఒకటి చచ్చిపోతోంది. కనీస వేగం పెట్టి మిగతా హెడ్‌లు చదవగలిగినంత తీసుకుని అక్కడితో ఆపేయండి. మిగిలింది కూడా కావాలంటే డ్రైవ్‌నూ, ఇమేజ్‌నూ, మ్యాప్‌నూ కలిపి డేటా రికవరీ ల్యాబ్‌కు ఇవ్వండి. మీరు తీసినంత పని వాళ్లకు తగ్గుతుంది.

వేడి మరిచిపోకండి. 50 డిగ్రీల సెల్సియస్ దాటుతుంటే చిన్న ఫ్యాన్ గాలి తగిలేలా పెట్టండి. పరుపు మీదా, గుడ్డ మీదా కాకుండా గట్టి బల్ల మీద కదలకుండా ఉంచండి.

ప్రశ్న: ఇమేజ్ 99.98 శాతం వచ్చింది. ఇప్పుడు ఫైళ్లు ఎలా తీయాలి? కొన్ని ఫొటోలు సగం బూడిద రంగులో వస్తున్నాయని అంటారు, నిజమేనా?

1 టెరాబైట్‌లో 0.02 శాతం అంటే 200 మెగాబైట్లు. అది ఏ ఫైళ్లలో పడిందో ముందే తెలుసుకునే ఉపాయం ఉంది. డీడీరెస్క్యూలోని ఫిల్ పద్ధతితో, మ్యాప్‌లో తీసివేత గుర్తున్న చోట్లన్నింటినీ ఇమేజ్‌లో మీకు నచ్చిన ఒక మాటతో నింపండి. మామూలు ఫైళ్లలో ఎక్కడా కనిపించని విచిత్రమైన మాటైతే మంచిది. ఫైళ్లు బయటికి తీశాక ఆ మాట కోసం అన్నింటిలోనూ వెతికితే, ఏ ఏ ఫైళ్లు దెబ్బతిన్నాయో పేర్లతో సహా జాబితా వస్తుంది. వేల ఫొటోలు ఒక్కొక్కటే తెరిచి చూసే బాధ తప్పుతుంది.

తీయడానికి డీఎండీఈ అనే రికవరీ ప్రోగ్రామ్‌తో ఇమేజ్ ఫైల్‌ను తెరవండి. ఫోల్డర్లు, పేర్లు, తేదీలు ఉన్నవి ఉన్నట్టు కనిపిస్తాయి. ఉచిత ఎడిషన్‌లో ఒక విడతకు ఒక ఫోల్డర్ నుంచి 4,000 ఫైళ్ల వరకు తీసుకోవచ్చు. ఫైల్ సిస్టమ్ పట్టికే పోయి ఉంటే ఫోటోరెక్ అనే సాధనం ఆఖరి దారి. అది ఫైల్ మొదట్లో ఉండే గుర్తును పట్టుకుని వెతుకుతుంది కాబట్టి పేర్లు, ఫోల్డర్లు రావు, ముక్కలుగా పరుచుకున్న పెద్ద వీడియోలు సరిగా రావు. మొదటే ఫోటోరెక్ నడిపి పేరు లేని లక్ష ఫైళ్లు ముందేసుకుని కూర్చోవద్దు.

బూడిద రంగు మాట నిజమే. జేపెగ్ పైనుంచి కిందికి వరుసగా విప్పుకునే ఫైల్, మధ్యలో 4 కిలోబైట్లు పోతే అక్కడి నుంచి కింద భాగమంతా బూడిదగా మారొచ్చు, లేదా రంగులు జరిగిపోవచ్చు. చాలా కెమెరా ఫొటోల మొదట్లో ఒక చిన్న థంబ్‌నెయిల్ దాగి ఉంటుంది. పెద్ద బొమ్మ పోయినా అది బతికి ఉంటే చిన్న రూపమైనా మిగులుతుంది. ఎంపీ4 వీడియోలకు సూచిక భాగం తరచుగా ఫైల్ చివర ఉంటుంది. అది పోతే వీడియో మొత్తం ఉన్నా ప్లే కాదు. అదే ఫోన్‌తో లేదా అదే కెమెరాతో, అవే సెట్టింగ్‌లతో తీసిన మంచి వీడియో ఒకటి నమూనాగా ఇస్తే అన్‌ట్రంక్ అనే సాధనం ఆ సూచికను తిరిగి కట్టగలదు.

బిట్‌లాకర్ (విండోస్ ఎన్‌క్రిప్షన్ తాళం) వేసిన డ్రైవ్ అయితే వరుస ఇదే: ముందు ఇమేజ్, ఆ తర్వాత ఇమేజ్ మీదే 48 అంకెల రికవరీ కీ. ఆ కీ గానీ పాస్‌వర్డ్ గానీ లేకపోతే ఎవరూ ఏమీ చేయలేరు.

ప్రశ్న: బల్ల మీది నుంచి పడింది. ఇప్పుడు టక్ టక్ మంటోంది. ఫ్రీజర్‌లో పెడితే వస్తుందని ఒకరు, మూత విప్పి హెడ్ జరపమని ఇంకొకరు చెబుతున్నారు.

రెండూ వద్దు. ఇంకోసారి కరెంటు కూడా ఇవ్వకండి.

హెడ్ ప్లాటర్ (డేటా ఉండే గుండ్రటి పళ్లెం) ఉపరితలానికి కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతూ చదువుతుంది. కంటికి కనబడని ఒక మైక్రాన్ ధూళి రేణువైనా ఆ సందుకు వందల రెట్లు పెద్దది. ఇంట్లో మూత విప్పితే అలాంటివి లెక్కలేనన్ని పడతాయి. టక్ టక్ అంటే, హెడ్ తన దారి చూపే సర్వో గుర్తులు దొరక్క వెనక్కి వెళ్లి మళ్లీ వస్తోందని. పడిన దెబ్బకు హెడ్ వంగి ఉంటే, తిరిగే ప్రతి నిమిషమూ ప్లాటర్ మీది అయస్కాంత పూతను చెక్కేస్తుంది. చెక్కేసిన పూతలో మీ ఫైళ్లున్నాయి, ఏ ల్యాబూ దాన్ని తిరిగి అతికించలేదు. ఇక ఫ్రీజర్: బయటికి తీయగానే తేమ నీటి బిందువులై ప్లాటర్ మీదే పేరుకుంటుంది.

టక్ టక్ కాకుండా సన్నగా బీప్ లాంటి మోత వస్తే అది స్పీకర్ శబ్దం కాదు. మోటార్ తిరగబోయి తిరగలేక చేసే మోత. ఒకసారి పొట్టి కేబుల్, మంచి పోర్ట్‌తో చూడొచ్చు, అయితే పడని డ్రైవ్ విషయంలో మాత్రమే. పడిన డ్రైవ్ బీప్ అంటే హెడ్ ప్లాటర్‌కు అతుక్కుని ఉండొచ్చు.

ల్యాబ్‌ను ఎంచుకునేటప్పుడు సూటిగా అడగండి: మూత మీ దగ్గరే విప్పుతారా, వేరే చోటికి పంపుతారా? ఐఎస్‌ఓ క్లాస్ 5 శుభ్రతలో (ధూళి దాదాపు లేని గదిలో) విప్పుతారా? డబ్బు కట్టే ముందు దొరికిన ఫైళ్ల జాబితా చూపిస్తారా? పడిందని, ఎన్నిసార్లు ఆన్ చేశారని, ఏమేం ప్రయత్నించారని దాచకుండా చెప్పండి. వాళ్లు మొదటి అడుగు ఎలా వేయాలో దాన్నిబట్టే నిర్ణయిస్తారు.

ప్రశ్న: 3.5 అంగుళాల పెద్ద డ్రైవ్‌కు పొరపాటున ల్యాప్‌టాప్ అడాప్టర్ గుచ్చాం. అప్పటి నుంచి లైట్ వెలగడం లేదు, తిరగడం లేదు. బోర్డ్ మారిస్తే సరిపోతుందా?

ఈ బాక్స్‌లకు 12 వోల్టులు కావాలి. ల్యాప్‌టాప్ అడాప్టర్లలో చాలా వాటిది 19 వోల్టులు, పిన్ మాత్రం చక్కగా దూరిపోతుంది. ఇలాంటప్పుడు బాక్స్ లోపలి బ్రిడ్జ్ బోర్డ్ మాత్రమే కాలి, డ్రైవ్ క్షేమంగా ఉండే అవకాశం బాగానే ఉంది. కాబట్టి ముందు డ్రైవ్‌ను బయటికి తీసి, డెస్క్‌టాప్ సాటా పోర్ట్‌కు, దాని పవర్ సప్లైకి కలిపి చూడండి.

అక్కడ తిరిగిందనుకోండి, విండోస్ ‘ఇనిషియలైజ్ చేయాలి’ అనొచ్చు. ఆగండి, డేటా పోలేదు. కొన్ని బాక్స్‌లు 512 బైట్ల సెక్టార్లను 4096 బైట్లుగా కంప్యూటర్‌కు చూపిస్తాయి. పార్టిషన్ పట్టికలోని అంకెలు ఆ పెద్ద కొలతలో రాసి ఉంటాయి. నేరుగా కలిపితే విండోస్ వాటిని చిన్న కొలతలో చదివి, అసలు చోటుకు ఎనిమిదో వంతు దూరంలోనే వెతుకుతుంది. డీఎండీఈలో సెక్టార్ పరిమాణం 4096 అని పెడితే పార్టిషన్ దానంతటదే కనిపిస్తుంది.

రెండో చిక్కు ఇంకా గట్టిది. వెస్టర్న్ డిజిటల్ మై బుక్, మై పాస్‌పోర్ట్ మోడళ్లు చాలావాటిలో పాస్‌వర్డ్ పెట్టకపోయినా బోర్డే డేటాను ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. నేరుగా కలిపితే అంతా అర్థం లేని అంకెలే. కాబట్టి కాలిన బ్రిడ్జ్ బోర్డ్‌ను పారేయకుండా దాచండి. మై పాస్‌పోర్ట్ లాంటి చిన్న డ్రైవ్‌లు కొన్నింటిలో యూఎస్‌బీ సాకెట్ డ్రైవ్ సొంత బోర్డ్ మీదే అతికించి ఉంటుంది. సాటా కనెక్టరే ఉండదు, విప్పి లాభం లేదు.

డ్రైవ్ సొంత బోర్డ్ కాలి ఉంటే, అదే మోడల్ బోర్డ్ తెచ్చి బిగిస్తే చాలన్నది పాతకాలం మాట. ఇప్పటి బోర్డ్‌ల మీద, సాధారణంగా ఎనిమిది కాళ్ల చిన్న చిప్‌లో, ఆ ఒక్క డ్రైవ్ హెడ్‌లకు సరిపోయే సర్దుబాట్లు రాసి ఉంటాయి. దాన్ని పాత బోర్డ్ నుంచి కొత్తదానికి మార్చాలి. అయితే బోర్డ్ దాకా పోయే ముందు సోల్డరింగ్ తెలిసినవాళ్లు కరెంటు వచ్చే చోట ఉన్న టీవీఎస్ డయోడ్‌లను మల్టీమీటర్‌తో చూడాలి. వోల్టేజ్ ఎక్కువైనప్పుడు తాము షార్ట్ అయిపోయి మిగతా బోర్డ్‌ను కాపాడేందుకే వాటిని పెడతారు. రెండు కొనల మధ్య దాదాపు సున్నా ఓమ్‌లు చూపిస్తే అది తన పని చేసి పోయినట్టే. దాన్ని ఊడదీస్తే డ్రైవ్ తిరగడం కద్దు. అప్పుడు రక్షణ లేదు కాబట్టి సరైన విద్యుత్తుతో ఒక్కసారి ఇమేజ్ తీసుకోవడానికి మాత్రమే వాడాలి.

ప్రశ్న: బాగానే ఉన్న పోర్టబుల్ డ్రైవ్‌ను పొరపాటున క్విక్ ఫార్మాట్ చేశాను. రికవరీ ప్రోగ్రామ్‌లో పేర్లు కనిపిస్తున్నాయి, తీసిన ఫైళ్లు మాత్రం అన్నీ సున్నాలే.

ఈమధ్య వచ్చే 2.5 అంగుళాల డ్రైవ్‌లు చాలావరకు ఎస్‌ఎంఆర్ రకం, ట్రాక్‌లు పెంకుల్లా ఒకదాని మీద ఒకటి కొంత ఎక్కి ఉంటాయి. వీటిలో కొన్ని ట్రిమ్ అనే ఆదేశాన్ని అందుకుంటాయి. ఫార్మాట్ చేసినప్పుడు ఫలానా చోట్లు ఇక అక్కర్లేదని విండోస్ చెబితే, డ్రైవ్ తన లోపలి అనువాద పట్టికలో ఆ లంకెలు తెంపేస్తుంది. ఆ తర్వాత అడిగితే సున్నాలే ఇస్తుంది. ప్లాటర్ మీద డేటా కొంతకాలం ఉండొచ్చు గానీ మామూలు ప్రోగ్రామ్‌లకు అందదు. డ్రైవ్‌ను వెంటనే తీసేయండి, ఖాళీగా కూడా నడవనివ్వకండి, తీరిక దొరికితే అది తనంతట తానే లోపల సర్దుకుంటుంది. ఫర్మ్‌వేర్ స్థాయి పరికరాలున్న ల్యాబ్ ఒక్కటే దారి.

ప్రశ్న: ఫైళ్లన్నీ వచ్చేశాయి. ఫుల్ ఫార్మాట్ చేశాక సి5 సున్నా అయింది. డ్రైవ్ మళ్లీ వాడుకోవచ్చా?

సి5 ఎందుకు సున్నా అయిందో 05 వరుసలో చూడండి. అక్కడి అంకె పెరిగి ఉంటే, పాడైన సెక్టార్లు స్పేర్‌లోకి మారాయంతే, ఉపరితలం బాగుపడలేదు. ముఖ్యమైన దేనికీ వాడకండి. లోపం కేబుల్‌దో కరెంటుదో అని తేలి, 05, సి5, సి6 మూడూ మొదటి నుంచీ సున్నాగానే ఉంటే నిరభ్యంతరంగా వాడుకోవచ్చు.

ఫార్మాట్ చేసేయడం మీరు కొంచెం తొందరపడ్డ పని. తీసుకున్న ఫైళ్లు తెరిచి చూసి, వాటికి ఇంకో డిస్క్‌లో రెండో కాపీ పడేదాకా పాత డ్రైవ్‌నూ ఇమేజ్‌నూ ముట్టుకోకుండా ఉంచాల్సింది. మీ ఇమేజ్ ఫైల్ ఇంకా ఉంటే అదైనా అప్పటిదాకా చెరపకండి.